వేటకెళ్లిన బోటు తిరిగి రాకపోతే మొదటి ఫోన్ ఎవరికి? 1554, ఛానల్ 16, 'మేడే' ఎలా పనిచేస్తాయి?

వేటకెళ్లిన బోటు రావాల్సిన రోజుకు రాలేదు. సరంగు ఫోన్ కలవడం లేదు. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు ముందు ఫిషింగ్ హార్బర్‌కు పరుగెత్తుతారు. తోటి బోట్లవాళ్లను అడుగుతారు. ఆ తర్వాత బోటు యజమాని, ఊరి పెద్దలు, పోలీస్ స్టేషన్, మత్స్యశాఖ ఆఫీసు. ఈ తిరుగుడులో ఒక రాత్రి గడిచిపోతుంది. సముద్రంలో గాలించే విభాగానికి మాత్రం కబురు అందరికంటే చివర్లో చేరుతుంది.

నిజానికి మొదటి ఫోన్ అక్కడికే వెళ్లాలి. నంబరు 1554. టోల్ ఫ్రీ. 108, 112 తెలిసినంతగా ఈ నంబరు మనలో చాలామందికి తెలియదు. తీర ప్రాంతాల్లో కూడా ఇదే పరిస్థితి.

1554 ఎవరిది?

ఇండియన్ కోస్ట్ గార్డ్‌ది. సముద్రంలో గాలింపు, రక్షణ పనులను సమన్వయం చేసే బాధ్యత మన దేశంలో ఈ దళానిదే. ఇందుకోసం ముంబయి, చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌లలో మూడు ప్రధాన కేంద్రాలున్నాయి. వీటిని ఎంఆర్‌సీసీ అంటారు, అంటే సముద్ర రక్షణ సమన్వయ కేంద్రాలు. తూర్పు తీరం చెన్నై కేంద్రం కిందకు వస్తుంది. విశాఖపట్నంలో ఉపకేంద్రం ఉంది. అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం భారత్ చూసుకోవాల్సిన సముద్ర ప్రాంతం దాదాపు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. దేశ భూభాగం కంటే ఇదే పెద్దది.

అంత సముద్రానికి సరిపడా కోస్ట్ గార్డ్ ఓడలు ఎక్కడా ఉండవు. అందుకే సమన్వయం అనే మాటకు ఇక్కడ నిజమైన అర్థం ఉంది. కబురు అందగానే కేంద్రం మూడు పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. దగ్గర్లోని తమ ఓడను, డోర్నియర్ విమానాన్ని బయల్దేరదీస్తుంది. అవసరమైతే నౌకాదళాన్ని అడుగుతుంది. ఆ దారిలో వెళుతున్న వాణిజ్య నౌకలకు ఉపగ్రహం ద్వారా సందేశం పంపి, దారి మళ్లమని కోరుతుంది. సముద్రంలో ఆపదలో ఉన్నవారికి సాయపడటం నౌక కెప్టెన్‌కు చట్టపరమైన విధి. ఆ దారిన పోయే సరుకు ఓడ ఏ దేశానిదైనా సరే, మన తెప్ప కోసం ఆగాల్సిందే.

2025 మే నెలలో దీనికి ఉదాహరణ ఉంది. 24న కొచ్చి తీరానికి 38 నాటికల్ మైళ్ల దూరంలో లైబీరియా జెండాతో ఉన్న ఎంఎస్‌సీ ఎల్సా-3 కంటైనర్ నౌక 26 డిగ్రీలు పక్కకు ఒరిగి, సాయం కోరింది. కోస్ట్ గార్డ్ ఓడలు, విమానాలు వెళ్లాయి. 24 మంది సిబ్బందిలో 21 మందిని ఆ రోజే కాపాడాయి. నౌకను వదలకుండా ఉండిపోయిన ముగ్గురిని మర్నాడు నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ సుజాత తీసుకొచ్చింది. నౌక మునిగిపోయింది. మనుషులు మిగిలారు. ఎవరు, ఎక్కడ, ఎంతమంది అన్నది తెలిసి ఉండటం అక్కడ కలిసొచ్చింది.

ఒక రాత్రి ఆలస్యమైతే ఏమవుతుంది?

చిన్న లెక్క వేద్దాం. ఇంజిన్ ఆగిన బోటు ఉన్నచోట ఉండదు. గాలికి, ప్రవాహానికి కొట్టుకుపోతుంది. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు జరుగుతుందనుకుందాం. ఎటు వెళ్లిందో తెలియకపోతే, గంట తర్వాత వెతకాల్సిన వలయం సుమారు 11 చదరపు కిలోమీటర్లు. పది గంటల తర్వాత అది సుమారు 1,080 చదరపు కిలోమీటర్లు. ఆలస్యం పది రెట్లయితే వెతకాల్సిన నీళ్లు వంద రెట్లవుతాయి. విస్తరణకు ముందున్న జీహెచ్‌ఎంసీ మొత్తం కలిపినా 650 చదరపు కిలోమీటర్లే. అంతకంటే పెద్ద ప్రాంతంలో, అలల మధ్య నీటిలో తలకాయంత కనిపించే మనిషిని వెతకాలి.

ఈ వలయాన్ని చిన్నది చేసే పని హైదరాబాద్‌లో జరుగుతుంది. సముద్రం లేని ఊళ్లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, 'శరత్' అనే వ్యవస్థను 2016 నుంచి అందుబాటులో ఉంచింది. చివరిసారి కనిపించిన చోటు, సమయం, తప్పిపోయింది మనిషా, తెప్పా, పెద్ద బోటా అన్నది చెబితే, గాలులు, ప్రవాహాల అంచనాలతో ఎక్కడ వెతకాలో పటం మీద చూపిస్తుంది. ఖాళీ తెప్ప కొట్టుకుపోయే తీరు, లైఫ్ జాకెట్‌లో ఉన్న మనిషి కొట్టుకుపోయే తీరు ఒకటి కావు. అందుకే ఇందులో దాదాపు 60 రకాల వస్తువులకు విడివిడి లెక్కలున్నాయి. అయితే చివరి చోటు, సమయం తప్పుగా ఇస్తే పటం కూడా తప్పు దిక్కే చూపిస్తుంది.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా రేడియో ఎందుకు?

తీరానికి కొన్ని కిలోమీటర్లు దాటితే సిగ్నల్ పోతుందన్నది అందరికీ తెలిసిన కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. ఫోన్‌లో చెప్పేది ఒక్కరికే వినిపిస్తుంది. రేడియోలో చెప్పేది పరిధిలో ఉన్న ప్రతి ఓడకూ, ప్రతి బోటుకూ, తీర కేంద్రానికీ ఒకేసారి వినిపిస్తుంది. సముద్రంలో కాపాడేది చాలాసార్లు రెండు మైళ్ల దూరంలో వల లాగుతున్న పక్క బోటే. ఆ బోటు సరంగు ఫోన్ నంబరు మీ దగ్గర ఉండకపోవచ్చు. కానీ అతని రేడియో ఛానల్ 16లో ఉంటుంది.

ఛానల్ 16 అంటే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 156.8 మెగాహెర్ట్జ్. ప్రపంచమంతటా ఆపద పిలుపులకు ఇదే. కబుర్లకు, చేపల ధరలకు దీన్ని వాడకూడదు. అయినా వాడతారు. అదే బాధ.

వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళ్తాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల యాంటెన్నా ఎత్తే దూరాన్ని నిర్ణయిస్తుంది. రెండు బోట్లలోనూ యాంటెన్నాలు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే వాటి మధ్య 16 కిలోమీటర్ల వరకు మాట అందుతుంది. తీరంలో వంద మీటర్ల ఎత్తైన కొండ మీద యాంటెన్నా ఉంటే అదే బోటు సుమారు 49 కిలోమీటర్ల నుంచి మాట్లాడగలదు. చేతి సెట్టు పట్టుకుని బోటు అడుగున కూర్చుని పిలిస్తే ఈ లెక్కలన్నీ పడిపోతాయి. నిలబడి, వీలైనంత ఎత్తు నుంచి మాట్లాడాలి.

'మేడే' ఎలా చెప్పాలి?

ముందు ఒక మాట. ఈ 'మేడే'కు మే 1కి సంబంధం లేదు. 1923లో లండన్ సమీపంలోని క్రాయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ దీన్ని సూచించారు. అప్పట్లో అక్కడి విమానాల రాకపోకలు ఎక్కువగా పారిస్‌తో ఉండేవి. 'నాకు సాయం చేయండి' అనే అర్థమున్న ఫ్రెంచి మాట పలుకును తీసుకుని, రెండు వైపులా అర్థమయ్యేలా దీన్ని ఎంచుకున్నారు. 1927లో వాషింగ్టన్ సదస్సు దీన్ని అంతర్జాతీయం చేసింది.

ప్రాణాలకు, పడవకు తక్షణ ముప్పు ఉన్నప్పుడే మేడే వాడాలి. ఛానల్ 16, పూర్తి పవర్ పెట్టి, బటన్ నొక్కి నిదానంగా చెప్పాలి. విశాఖ తీరంలో 'సాగరిక' అనే ఊహాజనిత బోటు మునుగుతోందనుకుంటే పిలుపు ఇలా ఉంటుంది:

"మేడే, మేడే, మేడే. దిసీజ్ సాగరిక, సాగరిక, సాగరిక. మేడే సాగరిక. పొజిషన్ డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ నుంచి 110 డిగ్రీలు, 12 మైళ్లు. బోటులోకి నీళ్లు వస్తున్నాయి, మునుగుతున్నాం. వెంటనే సాయం కావాలి. ఏడుగురు ఉన్నాం. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఓవర్."

వరుస గమనించండి. పేరు, ఆ వెంటనే చోటు. ఏం జరిగిందన్నది ఆ తర్వాతే. భయంలో మనిషి ముందు జరిగింది వర్ణిస్తాడు. ఈలోపు బ్యాటరీ తడిసి సెట్టు ఆగిపోవచ్చు. 'మునుగుతున్నాం, కాపాడండి' అని నిమిషం పాటు అరిచిన పిలుపు కంటే, పేరూ చోటూ చెప్పి మధ్యలో తెగిపోయిన పిలుపు విలువైనది. మొదటిదానితో ఓడను ఎటు పంపాలో తెలియదు.

జీపీఎస్ ఉంటే అక్షాంశం, రేఖాంశం చదవండి. పైన చెప్పిన చోటు సుమారు 17 డిగ్రీల 36 నిమిషాల ఉత్తరం, 83 డిగ్రీల 29 నిమిషాల తూర్పు. అంకెలను విడివిడిగా పలకాలి: వన్ సెవెన్, త్రీ సిక్స్. జీపీఎస్ లేకపోతే తెలిసిన గుర్తు నుంచి ఎటు, ఎంత దూరం అన్నది చెప్పాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. దిక్కు ఎప్పుడూ గుర్తు నుంచి మన వైపు చెప్పాలి. మనం నిలబడి లైట్‌హౌస్‌ను చూస్తున్న దిక్కు చెబితే పడవ లెక్కలో ఎదురు వైపు, కొండల మీద తేలుతుంది.

మీ స్మార్ట్‌ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహాల నుంచి చోటు తెలుసుకోగలదు. కంపాస్ యాప్‌లోనో మ్యాప్‌లోనో అంకెలు ఎక్కడ కనిపిస్తాయో ఒడ్డున ఉన్నప్పుడే ఒకసారి చూసిపెట్టుకోండి. ఫోన్‌తో కబురు పంపలేకపోయినా, రేడియోలో చదవాల్సిన అంకెలు అది ఇస్తుంది.

ఇంగ్లిష్ రాదని ఆగిపోవద్దు. మేడే అన్న మాట, బోటు పేరు, అంకెలు అర్థమైతే సగం పని అయినట్టే. మిగతాది తెలుగులో చెప్పినా చుట్టుపక్కల బోట్లవాళ్లు వింటారు, ముందుకు చేరవేస్తారు.

మేడే విన్నవాళ్లు ఏం చేయాలి?

నోరు మూసుకుని, కాగితం మీద రాసుకోవాలి. కటువుగా ఉన్నా మొదటి నియమం ఇదే. తీర కేంద్రం జవాబిస్తుందేమో కొద్దిసేపు చూడాలి. ఎవరూ పలకకపోతే 'రిసీవ్డ్ మేడే' అని మీరు జవాబివ్వాలి. ఆ పిలుపు తీరానికి అందలేదని అనుమానం వస్తే, 'మేడే రిలే' అని మూడుసార్లు అని, ఆపదలో ఉన్న బోటు పేరు, చోటు తిరిగి చెప్పాలి. దూరంగా ఉన్న చిన్న బోటు మాట తీరానికి చేరేది చాలావరకు ఇలా చేతులు మారుతూనే.

గాలింపు నడుస్తుండగా ఎవరైనా ఛానల్‌లోకి చొరబడితే 'సీలాన్స్ మేడే' అని వినిపిస్తుంది. ఫ్రెంచి యాసలో 'నిశ్శబ్దం' అని. పని ముగిశాక 'సీలాన్స్ ఫీనీ'.

ఇంజిన్ ఆగింది, ముప్పు మాత్రం ఇంకా రాలేదు అన్నప్పుడు మేడే కాదు, 'పాన్ పాన్' అని మూడుసార్లు చెప్పాలి. సిబ్బందిలో ఒకరికి అనారోగ్యం, చుక్కాని విరగడం లాంటివీ ఇందులోకే వస్తాయి. అదే బోటు రాళ్ల మీదకు కొట్టుకుపోతుంటే పాన్ పాన్ కాస్తా మేడే అవుతుంది. మొదటే పాన్ పాన్ ఇచ్చి ఉంటే, అప్పటికే ఎవరో ఒకరు మీ చోటు రాసిపెట్టుకుని ఉంటారు. సాయం అడగడానికి మొహమాటపడి చివరి నిమిషం దాకా ఆగేవాళ్లకు ఈ మధ్య మెట్టు పెద్ద వరం. మూడోది 'సెక్యూరిటే', ఇది తేలుతున్న దుంగ, వాతావరణం లాంటి హెచ్చరికలకు.

పెద్ద ఓడల్లో ఏముంటుంది?

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఆపద పిలుపు పంపుతున్నప్పుడు దగ్గర్లోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. అందులో రేడియో ఆపరేటర్ ఒక్కడే. సెట్టు కట్టేసి పడుకున్నాడు. పిలుపు విని వచ్చిన కార్పాథియా 700 మందికి పైగా కాపాడింది, కానీ అది చాలా దూరం నుంచి రావాల్సి వచ్చింది. ఆ తర్వాతి ఎనభై ఏళ్ల నిబంధనలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి: వినే చెవి ఎప్పుడూ మెలకువగా ఉండేదెలా? పాత ఓడల రేడియో గదుల్లో గడియారాల మీద ఎరుపు, ఆకుపచ్చ ముక్కలు కనిపించేవి. ముల్లు ఆ మూడు నిమిషాల ముక్కలోకి రాగానే అందరూ పంపడం ఆపి, బలహీనమైన ఆపద పిలుపేమైనా ఉందా అని వినాలి. గంటకు రెండుసార్లు సముద్రమంతా చెవులు రిక్కించేదన్నమాట.

ఆ చెవి పనిని ఇప్పుడు యంత్రాలకు అప్పగించారు. 1992లో మొదలై 1999 ఫిబ్రవరి 1 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఈ వ్యవస్థ పేరు జీఎండీఎస్‌ఎస్. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల నౌకలకు, 300 గ్రాస్ టన్నులు, అంతకు మించిన సరుకు ఓడలకు ఇది తప్పనిసరి. రేడియో మీద మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే, ఓడ తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య, చోటు, సమయం డిజిటల్‌గా ఛానల్ 70లో వెళ్తాయి. పరిధిలోని సెట్లన్నీ అలారం మోగిస్తాయి. ఎవరూ జవాబివ్వకపోతే సుమారు నాలుగు నిమిషాలకోసారి అదే మళ్లీ పంపుతుంది. భారత నౌకల సంఖ్య 419తో మొదలవుతుంది.

బటన్ నొక్కే వ్యవధి కూడా లేకపోతే? అందుకు ఈపీఐఆర్‌బీ ఉంది. ఓడ మునిగితే నీటి ఒత్తిడికి దాని కొక్కెం తెగి, పైకి తేలి, 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహానికి సంకేతం పంపడం మొదలుపెడుతుంది. కనీసం 48 గంటలు పంపుతుంది. మన దగ్గర ఆ సంకేతం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అంటే ఐఎన్‌ఎంసీసీకి చేరుతుంది. అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు.

ఒడ్డు నుంచి ఓడలకు వెళ్లే హెచ్చరికలకు వేరే దారి ఉంది. నావ్‌టెక్స్ అనే పద్ధతిలో 518 కిలోహెర్ట్జ్ మీద తుపాను సమాచారం, ఆపద కబుర్లు అక్షరాలుగా అందుతాయి. మన తీరంలో ఈ కేంద్రం కాకినాడ పక్కనున్న వాకలపూడిలో ఉంది.

మరి మన బోట్లకు?

ఇక్కడే అసలు లోటు ఉంది. పైన చెప్పిన తప్పనిసరి నిబంధనలు పెద్ద ఓడలకు. సముద్రంలో ఎక్కువ రోజులు, తక్కువ రక్షణతో గడిపే వేట పడవలు ఆ గీతకు బయటే ఉన్నాయి. వాటి కోసం ఇస్రో తయారుచేసింది డీఏటీ. ఆపద హెచ్చరిక పంపే చిన్న పరికరం. 2010 నుంచి వాడుకలో ఉంది. బటన్ నొక్కితే పడవ గుర్తింపు, చోటు ఉపగ్రహం ద్వారా బెంగళూరుకు, అక్కడి నుంచి రక్షణ కేంద్రానికి చేరతాయి. దేశంలో 20 వేలకు పైగా ఇవి వాడుతున్నారని ఇస్రో చెప్పింది.

పాత డీఏటీతో ఒక చిక్కుంది. కబురు పోతుంది, జవాబు రాదు. నొక్కిన మనిషికి అది చేరిందో లేదో తెలియదు. తుపానులో, చీకట్లో ఆ తెలియకపోవడం చిన్న విషయం కాదు. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం డీఏటీ దీన్ని సరిచేసింది. 'మీ హెచ్చరిక అందింది' అని పడవకు తిరుగు సందేశం వస్తుంది. తుపాను హెచ్చరికలూ వస్తాయి. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపి మాతృభాషలో చదువుకోవచ్చు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు రెండువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని రూ.364 కోట్లతో ప్రారంభించింది. మీ బోటుకు వచ్చిందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడగాల్సింది యజమానే. అమర్చిన పెట్టెను ఆపేసి వేటకెళ్తే మాత్రం అది ఉన్నా లేనట్టే.

పొరపాటున బటన్ నొక్కితే?

భయపడి ఆపేసి ఊరుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. అవతల ఓడలు బయల్దేరి ఉంటాయి. ఛానల్ 16లో పేరు చెప్పి 'పొరపాటు, రద్దు చేయండి' అనాలి, లేదా 1554కు చెప్పాలి. ఈపీఐఆర్‌బీ సంకేతాల్లో ఎక్కువ భాగం ఉత్తుత్తివే అని తేలుతుంటుంది. అందుకే రక్షణ కేంద్రం ముందు యజమానికి ఫోన్ చేసి కనుక్కుంటుంది. పరికరం రిజిస్టర్ చేసినప్పటి ఫోన్ నంబరు మారిపోయి ఉంటే, ఆ కనుక్కోవడానికే సమయం పోతుంది. నంబరు మారిస్తే అక్కడా మార్పించాలి.

ఇంట్లో రాసిపెట్టుకోవాల్సినవి

1554కు ఫోన్ చేస్తే అడిగేవి ఇవి: బోటు పేరు, ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, బోటు రంగు, ఎంతమంది ఉన్నారు, ఏ హార్బర్ నుంచి ఎప్పుడు బయల్దేరారు, ఎటు వెళ్తామన్నారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, అప్పుడు ఎక్కడున్నామన్నారు, బోటులో డీఏటీ, వీహెచ్‌ఎఫ్, లైఫ్ జాకెట్లు ఉన్నాయా. వీటిలో సగం ఇంట్లోవాళ్లకు తెలియవు. బయల్దేరే ముందు ఒక కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టించుకుంటే సరిపోతుంది. బోటు ఫొటో కూడా. విమానం నుంచి వెతికేవారికి రంగు చాలా ఉపయోగం.

1554తో పాటు తీర భద్రతా పోలీసుల టోల్ ఫ్రీ నంబరు 1093. బీచ్‌లో స్నానానికి దిగినవారు కొట్టుకుపోతే ముందు 112కు చేయండి. అక్కడికి త్వరగా చేరేది స్థానిక పోలీసులు, గజ ఈతగాళ్లే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు, ఇంజిన్లు విప్పుతారు. రేడియో బ్యాటరీ, డీఏటీ బ్యాటరీ మీద రాసిన గడువు తేదీ చూడటానికీ, సరంగుతో పాటు మరో ఇద్దరు కళాసీలకైనా ఛానల్ 16లో మాట్లాడటం నేర్పడానికీ ఆ రోజులే వీలు. సరంగే నీళ్లలో పడితే సెట్టు ఎత్తాల్సింది వాళ్లే.